రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టేనా?

డాలస్‌లో ఇల్లు కొన్నప్పుడు మా ఆవిడకి నచ్చింది వంటిల్లు. పిల్లలకి నచ్చింది పెరట్లో ఉన్న స్విమ్మింగ్ పూల్. నాకు నచ్చింది వడ్డీ రేటు. ఈ మూడింటిలో నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఆ పూల్ ఒక్కటే.

పోయిన జూన్‌లో మా అమ్మాయి పుట్టినరోజు. శనివారం సాయంత్రం నాలుగింటికి పదిమంది పిల్లలు వస్తారు. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉన్నాయి! కిట్ తీసి పరీక్ష చేశా. క్లోరిన్ 3 పీపీఎం. అంటే లీటరుకి 3 మిల్లీగ్రాములు. పుస్తకం ప్రకారం బంగారంలాంటి అంకె. మరి నాచు ఎందుకు పట్టినట్టు? పూల్ సామాన్లు అమ్మే కొట్టుకి పరిగెత్తితే, అక్కడి కుర్రాడు "షాక్ ఇవ్వండి" అన్నాడు. నాలుగు గ్యాలన్ల ద్రవ క్లోరిన్ తెచ్చి చీకటి పడ్డాక పోసేశా. మా పూల్ 15 వేల గ్యాలన్లు.

పొద్దున్నే లేచి మళ్ళీ పరీక్ష చేశా. మందు చుక్కలు వేస్తే నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి. తిరగలేదు. మంచినీళ్ళలా తెల్లగా ఉన్నాయి. అంటే సున్నా. "నాలుగు గ్యాలన్లూ నాచే తాగేసిందన్నమాట" అనుకుని, ఇంకో నాలుగు పోద్దామని మూత తీస్తున్నా.

మా నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు. ఆయన గుంటూరు జిల్లాలో హెల్త్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. నాన్న సర్వీసులో సగం ఊళ్ళ బావుల్లో బ్లీచింగ్ పౌడర్ కలపడంతోనే గడిచింది.

"ఒరే, ఆ చుక్క పడ్డప్పుడు ఎర్రగా మెరిసిందిరా. చూశావా?"

"మెరవడమేంటి నాన్నా, తెల్లగానే ఉందిగా."

"మెరిసి పోయింది. మళ్ళీ వెయ్యి."

వేశా. నిజమే. చుక్క పడ్డచోట ఒక్క క్షణం గులాబీ రంగు కనబడి మాయమైంది. నాన్న లోపలికెళ్ళి తాగే నీళ్ళ సీసా తెచ్చారు. ఒక వంతు పూల్ నీళ్ళు, నాలుగు వంతులు సీసా నీళ్ళు కలిపి ఇప్పుడు చూడమన్నారు. చిక్కటి గులాబీ. 4 పీపీఎం చూపించింది. అయిదు పెట్టి గుణిస్తే 20.

నేను సున్నా అనుకున్న నీళ్ళలో 20 ఉంది. 10 దాటితే పిల్లల్ని దింపకూడదన్నది మామూలుగా అందరూ పాటించే లెక్క. దానికి రెట్టింపు ఉన్న నీళ్ళలో ఇంకో నాలుగు గ్యాలన్లు పోయబోయాను. చేతిలో ఉన్న మూత మళ్ళీ బిగించేశా.

ఆ తర్వాత వారం రోజులు దీని చరిత్రంతా తవ్వాను. మనవాళ్ళకి ఈ జబ్బు ఉంటుంది కదా, బగ్ ఎక్కడుందో తెలిసినా, అసలు అది ఎప్పుడు దూరిందో చూడనిదే నిద్రపట్టదు. చదివాక నాకు అర్థమైంది ఇది: క్లోరిన్ కనిపెట్టడం పెద్ద కష్టం కాలేదు. నీళ్ళలో ఎంత మిగిలింది, ఆ మిగిలింది పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికే నూట యాభై ఏళ్ళకి పైగా పట్టింది. ఇంకో సంగతి, వచ్చిన ప్రతి పరీక్షా మనం అడిగిన ప్రశ్నకి కాకుండా దాని పక్క ప్రశ్నకి జవాబు చెబుతూ వచ్చింది.

మొదట్నుంచీ చెప్తాను. 1774లో స్వీడన్‌లో షీలే అనే మందుల తయారీదారు ఈ గాలిని తయారుచేశాడు. అది మూలకం అని తేల్చి, దాని ఆకుపచ్చ-పసుపు రంగుని బట్టి 1810లో క్లోరిన్ అని పేరు పెట్టింది ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ. ఈలోగా బట్టల వ్యాపారం దాన్ని ఎగరేసుకుపోయింది. 1785లో ఫ్రాన్స్‌లో బెర్తొలే దీంతో బట్ట తెల్లబడుతుందని చూపించాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ దాన్ని సున్నంలో పట్టి పొడిగా చేసి పేటెంట్ తీసుకున్నాడు. అదే మన బ్లీచింగ్ పౌడర్. అంటే మన బావుల్లో కలిపింది, మొదట చాకిరేవు సరుకే.

1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసొచ్చిన వైద్య విద్యార్థుల చేత ఈ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాడు. ఆ వార్డులో ఏప్రిల్‌లో సుమారు 18 శాతం ఉన్న బాలింతల మరణాలు, రెండు మూడు నెలల్లో 2 శాతం దగ్గరికి దిగాయి. అయినా పెద్ద డాక్టర్లు నమ్మలేదు. సూక్ష్మజీవుల సంగతి ఇంకా తేలలేదు మరి. ఆయన దగ్గర ఫలితం ఉంది కానీ కారణం లేదు. అప్పట్లో కొలత కూడా ఏమిటంటే, చేతికి శవం వాసన పోయిందా లేదా అని చూసుకోవడమే. ముక్కే మీటరు.

నీళ్ళ సంగతికొస్తే, 1897లో ఇంగ్లండ్‌లో మెయిడ్‌స్టోన్ అనే ఊళ్ళో టైఫాయిడ్ ప్రబలితే నీటి గొట్టాలని ఒకసారి క్లోరిన్‌తో కడిగారు. 1902లో బెల్జియంలో మిడెల్‌కెర్కె, 1905లో ఇంగ్లండ్‌లో లింకన్ ఊళ్ళు రోజూ కలపడం మొదలెట్టాయి. కానీ అసలు పెద్ద మలుపు, మనలో చాలామంది అమెరికాలో దిగీ దిగగానే సూట్‌కేసులు దించిన ఊరిది. జెర్సీ సిటీ!

జెర్సీ సిటీకి బూంటన్ రిజర్వాయర్ నుంచి నీళ్ళిచ్చే ప్రైవేటు కంపెనీ ఒకటి ఉండేది. నీళ్ళు శుభ్రంగా లేవు, ఒప్పందం ప్రకారం డబ్బు కట్టం అని ఊరు కోర్టుకెక్కింది. 1908లో తీర్పు వచ్చింది. పైన ఉన్న ఊళ్ళ మురుగు నదిలో కలవకుండా కాలవలన్నా కట్టండి, లేదా నీటిని శుభ్రంగా ఇచ్చే వేరే ఉపాయమన్నా చూపించండి అని. కాలవలు కట్టాలంటే కంపెనీ దివాళా. కంపెనీ సలహాదారు డాక్టర్ జాన్ లీల్ ఆ "వేరే ఉపాయం" అన్న మాట పట్టుకున్నాడు. ఆయన తండ్రి కూడా డాక్టరే. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యంతో ఉండగా చెడునీళ్ళ వల్ల విరేచనాల జబ్బు తగులుకుని, ఏళ్ళ తరబడి బాధపడి 1882లో పోయాడు. లీల్‌కి ఇది ఒట్టి ఉద్యోగం కాదన్నమాట.

జార్జ్ ఫుల్లర్ అనే ఇంజినీరు సుమారు 100 రోజుల్లో ప్లాంటు డిజైన్ చేసి కట్టించాడు. అది కూడా రోజుకి 4 కోట్ల గ్యాలన్లకి సరిపడేది. 1908 సెప్టెంబర్ 26న బ్లీచింగ్ పౌడర్ ద్రావణం నీళ్ళలో పడడం మొదలైంది. మోతాదు 0.2 నుంచి 0.35 పీపీఎం మధ్య. ఊళ్ళో వాళ్ళకి ముందు చెప్పలేదు. కోర్టుకి కూడా ముందు చెప్పలేదు. రెండో విచారణలో ఊరి లాయర్లు మండిపడ్డారు. ఈ నీళ్ళు మీరు తాగుతారా, మీ ఇంట్లో వాళ్ళకి ఇస్తారా అని లీల్‌ని నిలబెట్టి అడిగారు. ఇస్తానన్నాడాయన. 1910 మేలో తీర్పు కంపెనీ వైపు వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్ళలోనే అమెరికాలో వందల ఊళ్ళు ఆ దారి పట్టాయి, టైఫాయిడ్ తగ్గుముఖం పట్టింది.

ఇవాళ మన టీముల్లో ఎవడైనా చెప్పాపెట్టకుండా ప్రొడక్షన్‌లో ఇలాంటి మార్పు పెడితే ఉద్యోగం ఊడుతుంది. లీల్ చేసింది రైటా తప్పా అని నన్నడిగితే, చేసిన పని రైటు, దాచడం తప్పు అంటాను. క్లోరిన్ అంటే జనానికి ఒక శతాబ్దంగా ఉన్న అనుమానంలో ఆ దాచడానికీ కొంత వాటా ఉండే ఉంటుందని నా అభిప్రాయం. మీరు వేరేగా అనుకోవచ్చు.

సరే, పూల్స్ సంగతి. 1910-11లో బ్రౌన్ యూనివర్సిటీ ఈతకొలనులో క్లోరిన్ కలిపారు. అమెరికాలో పూల్‌కి క్లోరిన్ వాడిన తొలి సందర్భంగా దాన్నే చెప్తారు. ఇక్కడ్నుంచి ప్రశ్న మారింది. "ఎంత వేశాం" అన్నది చాలదు, "ఎంత మిగిలింది" అన్నది కావాలి. ఎందుకంటే నీళ్ళలో మట్టి, ఆకులు, చెమట అన్నీ ముందు తమ వాటా తినేస్తాయి. 1919లో మేరీలాండ్‌లో ఏబెల్ వోల్మన్, లిన్ ఎన్‌స్లో కలిసి ఇది లెక్కకట్టే పద్ధతి చెప్పారు. ఏ నీళ్ళ ఆకలి ఆ నీళ్ళది, ముందు దాని ఆకలి తీరాలి, ఆ పైన మిగిలిందే మనకి కాపలా అని.

మిగిలింది కొలవడానికి 1913లో ఎల్మ్స్, హౌజర్ అనే ఇద్దరు ఆర్థోటోలిడిన్ అనే మందుని పద్ధతి ప్రకారం వాడకంలోకి తెచ్చారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు. ఈ మాట చెప్పగానే మా నాన్న మొహం వెలిగిపోయింది. ఆయన సంచీలో నలభై ఏళ్ళ క్రితం తిరిగిన క్లోరోస్కోపు ఇదే! పంచాయతీ కుళాయి దగ్గర చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, పక్కనున్న పసుపు రంగులతో పోల్చడం. ఆ మందు కేన్సర్ కలిగించవచ్చన్న అనుమానంతో 1970ల్లో అమెరికాలో ప్రామాణిక పద్ధతుల్లోంచి దాన్ని తీసేశారు.

నాన్న దగ్గర నేను నేర్చుకున్న ఇంకో సంగతి హారాక్స్ పరీక్ష. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యంలో డాక్టర్ హారాక్స్ పేరు మీద వచ్చింది, మన ప్రజారోగ్య శాఖలో పాతుకుపోయింది. ఒక నల్ల కప్పు, ఆరు తెల్ల కప్పులు. నల్ల కప్పులో 2 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలుపుతారు. తెల్ల కప్పుల్లో బావి నీళ్ళు పోసి, వరసగా ఒక చుక్క, రెండు చుక్కలు, ఇలా ఆరు దాకా వేస్తారు. అరగంట ఆగి గంజి-అయొడైడ్ మందు వేస్తారు. మొదట నీలం తిరిగింది ఎన్నో కప్పో చూస్తారు. మూడోదైతే మూడు రెళ్ళు ఆరు. 455 లీటర్లకి, అంటే వంద గ్యాలన్లకి 6 గ్రాముల పొడి.

దీంట్లో గొప్పతనం ఎక్కడుందంటే, పొడి బలం ఎంతో విడిగా తెలియక్కర్లేదు. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది, కానీ మూట విప్పి చెమ్మగాలి తగిలితే దిగిపోతూ వస్తుంది. చేతిలో ఉన్న పొడినే, ఎదురుగా ఉన్న నీళ్ళలోనే వేసి చూస్తారు కాబట్టి, రెండింటి లోపాలూ లెక్కలోకి వచ్చేస్తాయి. "మూట మీద రాసింది మేం నమ్మేవాళ్ళం కాదురా" అన్నారు నాన్న. నేనేమో సీసా మీద రాసింది చూసి నాలుగు గ్యాలన్లు పోసినవాణ్ణి.

పసుపు రంగు పరీక్షకి ఇంకో లోపం ఉంది. చెమట, మూత్రం లాంటి వాటిలోని నత్రజనితో కలిసిపోయిన క్లోరిన్‌కీ అదే పసుపు ఇస్తుంది. ఈ కలిసిపోయిన సరుకుని క్లోరమిన్లు అంటారు. క్రిములని చంపడంలో ఇవి బాగా నెమ్మది. పూల్ దగ్గర ముక్కు అదిరే "క్లోరిన్ వాసన", కళ్ళ మంటలు చాలావరకు వీటివల్లే. అంటే వాసన గట్టిగా వస్తే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాలలేదని! 1939 ప్రాంతంలో గ్రిఫిన్ తదితరులు ఇంకో వింత చూశారు. అమ్మోనియా ఉన్న నీళ్ళలో క్లోరిన్ పోస్తూ పోతే కొలత ముందు పెరిగి, తర్వాత తగ్గి, ఒక చోట అడుగంటి, అక్కడ్నుంచి మళ్ళీ పెరుగుతుంది. దాన్ని బ్రేక్‌పాయింట్ అన్నారు. వేస్తున్న కొద్దీ అంకె తగ్గడమంటే, డాష్‌బోర్డు చూసేవాడికి పిచ్చెక్కదూ?

ఈ రెండింటినీ విడదీసింది 1957లో ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ నీటి కంపెనీలో పనిచేసిన ఆర్థర్ పేలిన్. డీపీడీ అనే మందు వాడాడు. స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌కి వెంటనే గులాబీ రంగు వస్తుంది. తర్వాత అయొడైడ్ వేస్తే కలిసిపోయింది కూడా కలిపి చూపిస్తుంది. తేడా చూసుకుంటే సరి. ఇప్పుడు మన ఇళ్ళల్లో కిట్లన్నీ చాలావరకు ఆయన చలవే.

కానీ ఆ గులాబీకి ఒక హద్దుంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే, సుమారు 10 పీపీఎం దాటాక, పుట్టిన రంగునే అది తెల్లబరిచేస్తుంది. బట్టలు తెల్లబరిచే సరుకు కదా మరి, బెర్తొలే నాటి గుణం ఎక్కడికి పోతుంది? అందుకే ఏమీ లేకపోయినా తెలుపే, మితిమీరినా తెలుపే. నా శనివారం పొద్దుటి సున్నా ఇదే. మనం రోజూ చూసే ఇంటీజర్ ఓవర్‌ఫ్లో, గాజుగొట్టంలో. దీనికి విరుగుడు కూడా పేలిన్ పద్ధతిలోనే ఉంది. పొడి వేసి గులాబీ తెప్పించి, ఇంకో మందు చుక్కలు లెక్కపెడుతూ వేసి, రంగు పోయేదాకా చూడాలి. 10 మిల్లీలీటర్ల నీళ్ళకి ఒక్కో చుక్క అర పీపీఎం. కంటితో రంగులు పోల్చే పని లేదు. లేదంటే మా నాన్న పద్ధతి, పలచన చేసి చూడ్డం.

అంతా బానే ఉంది, మరి శుక్రవారం 3 పీపీఎం ఉండగా నాచు ఎందుకు పట్టింది? దీనికి జవాబు చరిత్రలో చివరి అంకం.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలిఫోర్నియా, అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఇళ్ళ పెరళ్ళలో పూల్స్ పుట్టగొడుగుల్లా లేచాయి. అన్నీ ఎండ మండే చోట్లే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ని విరగ్గొడతాయి. నడి ఎండలో రెండు గంటల్లో ముప్పాతిక భాగానికి పైగా ఎగిరిపోతుంది. ఊరి పూల్‌కి రోజంతా చూసుకునే మనిషి ఉంటాడు. ఇంటి పూల్‌కి ఎవడున్నాడు? 1950ల చివర్లో దీనికో ఉపాయం బజారుకొచ్చింది. సయన్యూరిక్ యాసిడ్. ఇది క్లోరిన్‌ని గట్టిగా కాకుండా వదులుగా పట్టుకుంటుంది. పట్టులో ఉన్నంతసేపు ఎండ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. బయట ఖర్చవుతున్న కొద్దీ పట్టు వదుల్తుంది. దీన్నే స్టెబిలైజర్ అంటారు. క్లోరిన్, స్టెబిలైజర్ కలిపి చేసిన బిళ్ళలు వచ్చాయి. బిళ్ళ పడేస్తే వారం దాకా చూడక్కర్లేదు. ఇంటి పూల్ సామాన్యుడి చేతికి రావడంలో ఈ బిళ్ళల పాత్ర చిన్నది కాదు.

మెలిక ఎక్కడంటే, క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ ఖర్చవదు. ఆవిరి కాదు. నీళ్ళలోనే కూర్చుంటుంది. ట్రైక్లోర్ బిళ్ళలతో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 6 పీపీఎం స్టెబిలైజర్ చేరుతుంది. రోజుకి 2 పీపీఎం చొప్పున మూడు నెలలు వేసుకోండి. 180 క్లోరిన్ వచ్చింది, పోయింది. 108 స్టెబిలైజర్ మిగిలింది. అచ్చమైన మెమరీ లీక్!

1974లో ఓబ్రియన్ తదితరులు ఈ పట్టు-విడుపుల లెక్క పక్కాగా తేల్చి ప్రచురించారు. దాని ప్రకారం, పీహెచ్ 7.5 దగ్గర, 30 పీపీఎం స్టెబిలైజర్ ఉన్న నీళ్ళలో 3 పీపీఎం క్లోరిన్ ఉందంటే అందులో తొంభై శాతానికి పైగా స్టెబిలైజర్ పట్టులోనే ఉంటుంది. క్రిముల మీద పనిచేసే హైపోక్లోరస్ ఆమ్లం కొద్దిగానే ఉంటుంది. అది చాలు కూడా. కానీ స్టెబిలైజర్ 100కి చేరితే, అదే 3 పీపీఎంలో పనిచేసే భాగం సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. మరి గులాబీ రంగు పరీక్ష? పట్టులో ఉన్నదాన్ని కూడా లాగి లెక్కేసి మళ్ళీ 3 అనే చెబుతుంది. అబద్ధం కాదు. బ్యాంకులో ఎంతుందో చెప్పింది, నేను జేబులో ఎంతుందని అనుకున్నాను.

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా అందుకే, మామూలు పూల్‌కి కనీసం 1 పీపీఎం, స్టెబిలైజర్ ఉంటే కనీసం 2 ఉండాలంటుంది. వేడినీళ్ళ తొట్లలో స్టెబిలైజర్ వాడొద్దని చెబుతుంది. స్టెబిలైజర్ పరీక్ష వేరే. గొట్టం అడుగున నల్ల చుక్క ఉంటుంది. మందు కలిపాక తెల్లగా విరిగిన నీళ్ళు, ఆ చుక్క కనబడకుండా పోయేదాకా పొయ్యాలి. నా గొట్టంలో నల్ల చుక్క 100 గీత దాకా కూడా రాకముందే మాయమైపోయింది. రెండేళ్ళుగా బిళ్ళలు వేస్తూ, ఆ పరీక్ష ఒక్కసారి కూడా చెయ్యలేదు నేను. కొట్టువాడు చెప్పలేదు, నేను అడగలేదు. చెప్తే వాడి బిళ్ళలు తగ్గుతాయి, అడిగితే నా పని పెరుగుతుంది.

ఆ శనివారం పిల్లల్ని పూల్‌లో దింపలేదు. పచ్చికలో పైపు పెట్టి నీళ్ళు చిమ్మితే దాంట్లోనే గంతులేశారు. మర్నాటి నుంచి సగానికి పైగా నీళ్ళు తోడి మళ్ళీ నింపాం. స్టెబిలైజర్ తగ్గించడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు. ఇప్పుడు స్టెబిలైజర్ 40 దగ్గర ఉంచి, బిళ్ళలు మానేసి, రోజూ సాయంత్రం ద్రవ క్లోరిన్ కొలిచి పోస్తున్నాను. నాన్న ఉన్న మూడు నెలలూ ఒక నోటుపుస్తకంలో తేదీ, క్లోరిన్, పీహెచ్ తెలుగు అంకెల్లో రాశారు. పోసిన గంటకి గానీ పరీక్ష చెయ్యనివ్వలేదు. "కలవనివ్వరా, ఏం తొందర" అంటారు. సర్వీసులో అలవాటు.

ఆయన ఇండియా వెళ్ళిపోయాక ఆ పుస్తకం నాకొచ్చింది. నిన్న సాయంత్రం మా ఆవిడ కిటికీలోంచి అడిగింది, "ఏమండీ, పిల్లలు దిగొచ్చా?"

"ఫ్రీ క్లోరిన్ 4, కలిసిపోయింది 0.2 లోపే, పీహెచ్ 7.6, స్టెబిలైజర్..."

"నేనడిగింది అది కాదు. దిగొచ్చా, వద్దా?"

"ఇంకో గంట ఆగమను."